కాడిలాక్ గేర్‌బాక్స్ రాళ్ళెక్కిన వైనం

రాళ్ళల్లో, బురదలో, వాగుల్లో బండి నడిపేవాళ్ళను చూసి కుర్రవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. షోరూముల్లో ఎనిమిది గేర్లు, పది గేర్లు ఉన్న ఆటోమేటిక్ బళ్ళు దొరుకుతుంటే, అమెరికాలో కొందరు తమ జీపులో ఉన్న గేర్‌బాక్స్ ఊడదీసి, అరవై ఏళ్ళ కిందటి మూడు గేర్ల ఆటోమేటిక్ పెట్టెను పనిగట్టుకుని వెతికి తెచ్చి ఎందుకు బిగించుకుంటారు? దాని వెనకే ఇంకో సందేహం వస్తుంది. అసలు కొండలకూ రాళ్ళకూ ఆటోమేటిక్ పనికొస్తుందా? క్లచ్చి కాలికింద, గేరు చేతిలో ఉంటేనే గదా బండి మన మాట వినేది?

ఆ పెట్టె పేరు టర్బో హైడ్రామాటిక్ 400. జనరల్ మోటార్స్ కంపెనీ 1964 మోడల్ కాడిలాక్, బ్యూయిక్ కార్లతో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. కాడిలాక్ అంటే ఆనాటి అమెరికాలో శ్రీమంతుల కారు: బరువైన బాడీ, పెద్ద వి8 ఇంజను, గేరు మారినట్టు కూడా తెలియని మెత్తని ప్రయాణం. అక్కణ్ణుంచి ఆ పెట్టె రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోలోకి వెళ్ళింది. 1976లో ఫెరారీ 400లోకి వెళ్ళింది. మరోవైపు జీప్ వాగనీర్‌లోకి, ఆ తరవాత అమెరికన్ సైన్యం ఎడారుల్లో తిప్పిన హమ్‌వీలోకీ చేరింది. హమ్‌వీలో దాన్ని 3ఎల్80 అన్నారు గానీ లోపలి సరుకు అదే.

ఇటు ఫెరారీకీ అటు హమ్‌వీకీ ఒకే పెట్టె సరిపోయిందంటే అది బలమైనది కావడం ఒక్కటే కారణం కాదు. బలమైన గేర్‌బాక్సులు చాలా ఉన్నాయి. ఒక గేర్‌బాక్స్ వేరే బండిలో ఇమడగలదా లేదా అన్నది, అది ఆ బండిని ఏమేమి అడుగుతుంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ పాత పెట్టె అడిగేవి చాలా తక్కువ. అవేమిటో తెలియాలంటే ముందు దాని పని తెలియాలి.

నిలిచిపోయిన చక్రం, ఆగకూడని ఇంజను

పెట్రోలు ఇంజనుకు ఒక బలహీనత ఉంది. నిమిషానికి ఆరేడు వందల చుట్లకన్నా నెమ్మదిగా తిరగమంటే అది ఆగిపోతుంది. కరెంటు మోటారులాగా నిలబడ్డ చోటునుంచే బలం చూపించడం దానికి చేతకాదు. చక్రం మాత్రం నిలబడ్డ చోటునుంచే కదలాలి. కాలిఫోర్నియాలో లూన్ లేక్ నుంచి టాహో సరస్సు వైపు సాగే రూబికాన్ దారిలో మోకాలెత్తు గ్రానైట్ బండలు అడుగడుగునా ఉంటాయి. ముందు చక్రం అలాంటి బండకు ఆనుకుని ఆగిందనుకోండి. ఇంజను తిరుగుతూ ఉండాలి, చక్రం ఆగి ఉండాలి, అయినా ఇంజను బలం చక్రాన్ని తోస్తూనే ఉండాలి. ఈ మూడూ ఒకేసారి జరగాలంటే రెండింటి మధ్యా ఏదో ఒకటి జారాలి.

చేతిగేరు బండిలో ఆ జారేది క్లచ్ ప్లేటు. హాఫ్ క్లచ్చిలో బండి నిలబెట్టినంతసేపూ ఆ ప్లేటు ఒరుసుకుంటూ అరుగుతూనే ఉంటుంది. పైగా ఏటవాలు బండమీద డ్రైవరుకు మూడు పెడళ్ళూ కావాలి, కాళ్ళు రెండే. బ్రేకు మీది కాలు తీసి ఎక్సలేటర్ మీద వేసే ఆ అరక్షణంలో బండి వెనక్కి జారుతుంది, లేదా ఇంజను ఆగిపోతుంది. అనుభవజ్ఞులు దీన్ని చక్కగా నెగ్గుకొస్తారు, కాదనను. కానీ అది మనిషి నేర్పు. ఆటోమేటిక్ పెట్టెలో ఆ పని నూనె చేస్తుంది.

నూనెచేత ఈ పని చేయించవచ్చని మొదట చూపించినవాడు జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్. ష్టెటిన్ రేవులోని ఓడల కార్ఖానాలో పనిచేస్తూ 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన సమస్య కార్లది కాదు, ఓడలది. ఆవిరి టర్బైను మహావేగంగా తిరుగుతుంది. నీటిలోని పంకా నెమ్మదిగా తిరిగితేనే ఓడను బాగా తోస్తుంది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి మధ్యలో ద్రవాన్ని పెట్టాడు.

అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారుతో హైడ్రామాటిక్ అనే పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బజారుకొచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి దాన్ని యుద్ధ ట్యాంకుల్లో పెట్టారు. ఎం5 స్టూవర్ట్ అనే తేలికపాటి ట్యాంకుకు రెండు కాడిలాక్ ఇంజన్లు, ఒక్కోదానికి ఒక్కో హైడ్రామాటిక్ పెట్టె. ఆటోమేటిక్ అంటే పట్నంలో తారురోడ్డు మీద తిరిగే సుకుమారమైన వస్తువు అనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. పుట్టిన కొద్దికాలానికే అది బురదలో, గుంటల్లో, శత్రువు కాల్పుల మధ్య పనిచేసింది.

గంగాళంలో సుడి

ఈ నూనె చేసే పనిని ఇంట్లోనే చూడొచ్చు. వెడల్పాటి గంగాళం నిండా నీళ్ళు పోసి, గరిటెతో ఒకే వైపుకు గిరగిరా తిప్పండి. సుడి పట్టుకున్నాక ఒక చిన్న స్టీలు గిన్నెను నీళ్ళమీద వదలండి. గిన్నెను గరిటె తాకడం లేదు. అయినా గిన్నె తిరుగుతుంది. ఇప్పుడు గిన్నె అంచును వేలితో పట్టి ఆపండి. గిన్నె ఆగింది, గరిటె ఆగలేదు. నీళ్ళు మాత్రం గిన్నెను తోస్తూనే ఉంటాయి. ఆ తోపు మీ వేలికి తెలుస్తుంది. వేలు తీసిన మరుక్షణం గిన్నె మళ్ళీ మెల్లగా కదులుతుంది. బండకు ఆని నిలిచిన చక్రం పరిస్థితి వేలు పట్టిన గిన్నెదే.

ఇప్పుడు గరిటె పట్టుకున్న చేతి సంగతి చూడండి. సుడి తిరిగే వైపుకే గరిటె తిప్పుతుంటే చేతికి బరువు ఉండదు. అదే సుడికి ఎదురు తిప్పబోతే మణికట్టు లాగేస్తుంది. నీళ్ళు వచ్చే దిశ మనకు అనుకూలమైతే కొద్ది శ్రమతో ఎక్కువ తోపు పుడుతుంది. ఈ చిన్న విషయం మీదే ఆటోమేటిక్ పెట్టె గొప్పతనమంతా ఆధారపడి ఉంది.

ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య గుండ్రంగా ఉబ్బిన ఉక్కు డబ్బా ఒకటుంటుంది. దాన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. టార్క్ అంటే తిప్పుడు బలం కాబట్టి మనం దీన్ని బలమార్పిడి డబ్బా అనుకుందాం. దాని నిండా నూనె. లోపల రెక్కలున్న చక్రాలు మూడు. మొదటిది ఇంజనుతో తిరిగే తోపుడు చక్రం. రెండోది ఆ నూనె తాకిడికి తిరిగే రాట్నం లాంటి టర్బైను, గేర్లకు బలం అందించేది అదే. టర్బైనును తాకి తిరిగొచ్చే నూనె మొదటి చక్రానికి ఎదురుతిరిగి వస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంజను తన బలంలో కొంత ఆ ఎదురు నూనెతో కుస్తీ పట్టడానికే ఖర్చుపెట్టాలి. అందుకని మధ్యలో మూడో చక్రం పెట్టారు. అది స్టేటర్, మన మాటలో మళ్ళింపు చక్రం. వెనక్కి వచ్చే నూనెను దాని రెక్కలు ఒంపు తిప్పి, ఇంజను తిరిగే దిశకే మళ్ళించి పంపుతాయి. దాంతో టర్బైను మీద పడే తిప్పుడు బలం, బండి నిలిచి ఉన్న క్షణంలో, ఇంజను ఇచ్చినదానికి దాదాపు రెట్టింపవుతుంది.

ఈ రెట్టింపు ఊరికే రాలేదు. మళ్ళింపు చక్రం గేర్‌బాక్స్ ఒంటికి ఆనుకుని నిలబడి నూనె తాకిడిని ఓర్చుకుంటుంది, పెరిగిన బలానికి ఆధారం అదే. వేగంలో పోగొట్టుకున్నది బలంలో దొరుకుతుంది, పోగా మిగిలింది వేడిగా మారుతుంది. టర్బైను వేగం పుంజుకుని తోపుడు చక్రాన్ని అందుకునే కొద్దీ ఈ లాభం తగ్గుతూ వస్తుంది. చివరికి మళ్ళింపు చక్రం కూడా వాటితోపాటే తిరగడం మొదలుపెడుతుంది. అప్పటికి బండి కదిలిపోయి ఉంటుంది కాబట్టి రెట్టింపుతో పనిలేదు.

డబ్బా వెనక ఉండే గేర్లు గ్రహచక్రాల పద్ధతిలో ఉంటాయి. నడుమ ఒక సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న గ్రహచక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న కంకణం. వీటిలో దేన్ని పట్టి ఆపితే, దేన్ని తిప్పితే ఏ గేరు వస్తుందో తేలుతుంది. పట్టి ఆపే పని నూనెలో మునిగిన క్లచ్ పలకలదీ, ఉక్కు పట్టీలదీ. పళ్ళు ఎప్పుడూ విడిపోవు గనక గేరు మారేటప్పుడు చక్రానికి అందే బలం తెగదు. చేతిగేరులో క్లచ్చి తొక్కిన క్షణం బండి అనాథ. బురద ఊబిలో ఆ ఒక్క క్షణం చాలు బండి కూరుకుపోవడానికి.

మూడే గేర్లతో కొండ ఎక్కేదెలా

రాళ్ళ దారి మనుషులు తరచు చూసుకునే లెక్క ఒకటుంది. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను ఎన్నిసార్లు తిరగాలి? దీన్ని పాకుడు నిష్పత్తి అందాం. ఈ అంకె పెద్దదైతే బండి అంత నెమ్మదిగా, అంత బలంగా పాకుతుంది. గేర్‌బాక్స్ మొదటి గేరు, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని లో రేంజి, ఇరుసులోని పళ్ళ నిష్పత్తి, ఈ మూడింటినీ గుణిస్తే వస్తుంది.

టర్బో 400లో మొదటి గేరు 2.48. దాని వెనక డానా 300 అనే ట్రాన్స్‌ఫర్ కేసు పెడితే లో రేంజి 2.62. ఇరుసులో 4.10 ఉందనుకుంటే మొత్తం 27కు కాస్త తక్కువ. ఇదే బండిలో 6.32 మొదటి గేరున్న టి-18 చేతిగేరు పెట్టె ఉంటే మొత్తం 68 దాకా వస్తుంది. కాగితం మీద ఆటోమేటిక్ చిత్తుగా ఓడిపోయినట్టే.

కాగితం మీద లేనిది బలమార్పిడి డబ్బా చేసే రెట్టింపు. బండకు ఆని నిలిచినచోట ఆ 27 కాస్తా 50 దాటిన దానితో సమానమవుతుంది. అంతకన్నా ముఖ్యం, అది మెట్లు లేకుండా వస్తుంది. ఎక్సలేటర్ మీద కాలు కొద్దికొద్దిగా నొక్కితే తోపు కొద్దికొద్దిగా పెరుగుతుంది. టైరు పట్టు దొరికేంతవరకూ బండి అక్కడే ఒత్తిపట్టి ఉంటుంది, పట్టు దొరకగానే ఎగరకుండా ఎక్కుతుంది. హఠాత్తుగా వచ్చే కుదుపుకే ఇరుసులు విరుగుతాయి, షాఫ్టు క్రాసులు పగులుతాయి. నూనె ఆ కుదుపును మింగేస్తుంది. నా మటుకు నేను రాళ్ళెక్కడానికి ఆటోమేటిక్‌దే పైచేయి అంటాను.

దిగేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. చక్రం ఇంజనును తిప్పుతున్నప్పుడు రెట్టింపు ఉండదు. మిగిలేది ఆ 27 ఒక్కటే, అందులోనూ నూనె కొంత జారుతుంది. పైగా ఈ పెట్టెలో లివరు డ్రైవులో వదిలేస్తే, మొదటి గేరులో ఒకవైపే పట్టే క్లచ్ ఒకటి ఉండి, చక్రం ఇంజనును తోయబోతే పట్టు వదిలేస్తుంది. బండి జారిపోతుంది. లివరును 1 మీద పెడితే లోపల ఒక ఉక్కు పట్టీ బిగుసుకుని ఆ దారి మూసేస్తుంది, అప్పుడే ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. నిటారు దిగుడు మీద ఈ తేడా తెలియని డ్రైవరు భారమంతా బ్రేకుల మీద వేస్తాడు. ఏటవాలు దారులు ఎక్కువగా దిగాల్సిన ఊళ్ళవాళ్ళకు చేతిగేరే నయమని నేను ఒప్పుకుంటాను.

హైవే మీద మూడు గేర్లు చాలవు. 33 అంగుళాల టైర్లు, 4.10 ఇరుసు ఉన్న బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజను నిమిషానికి 2,600 చుట్లకు పైనే తిరుగుతుంది. 1982 మోడళ్ళతో వచ్చిన 700ఆర్4 పెట్టెలో 0.70 నాలుగో గేరు ఉంది, దానితో ఇదే వేగానికి 1,850 దగ్గర సరిపోతుంది. మొదటి గేరు కూడా 3.06 కాబట్టి పాకడానికీ నయమే. అందుకే రోజూ ఆఫీసుకు అదే బండిలో పోయేవాళ్ళు దానివైపు మొగ్గుతారు. దానికున్న చిక్కు ఒక తీగె. ఆ సంగతి తరవాతి భాగంలో చెబుతాను.

గేరు మార్చాలని పెట్టెకు ఎలా తెలుస్తుంది?

గేరు మార్చడానికి రెండు విషయాలు తెలియాలి. బండి ఎంత వేగంతో పోతోంది, ఇంజను మీద ఎంత భారం ఉంది. కొత్త ఆటోమేటిక్‌లలో ఈ రెండూ కంప్యూటరుకు తెలుస్తాయి. అది ఇంజను కంప్యూటరుతో, బ్రేకుల కంప్యూటరుతో నిత్యం మాట్లాడుతూ ఉంటుంది. అలాంటి పెట్టెను ఊడదీసి 1979 నాటి కార్బ్యురేటర్ జీపులో పెడితే దానికి మాట్లాడేవాళ్ళే ఉండరు. దాన్ని నమ్మించడానికి విడిగా ఒక కంట్రోలరు, సెన్సర్లు, వైర్ల కట్ట కావాలి. ఈ టర్బో 400కే 1991లో నాలుగో గేరు చేర్చి, కంప్యూటరు తగిలించి 4ఎల్80-ఇ అని తెచ్చారు. దిట్టమైనదే, కానీ కరెంటు లేకపోతే అది గేరు మార్చలేదు.

పాత పెట్టె ఈ రెండు విషయాలనూ నూనె ఒత్తిడిగా మార్చుకుంటుంది. వేగం తెలుసుకోవడానికి వెనక షాఫ్టుతో తిరిగే గవర్నర్ అనే చిన్న భాగం ఉంది. దానికి రెండు ఇనప గుండ్లు. బండి వేగం పెరిగే కొద్దీ అవి బయటికి విచ్చుకుంటాయి, ఆ మేరకు ఒక నూనె దారిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే స్పీడోమీటరు.

భారం తెలుసుకునే పరికరం ఇంకా ముచ్చటైనది. పెట్రోలు ఇంజను గాలి పీల్చే గొట్టంలో ఒక మూత ఉంటుంది, ఎక్సలేటర్ నొక్కితే తెరుచుకునేది అదే. కాలు తీసినప్పుడు మూత దాదాపు మూసుకుపోయి, ఇంజను పీల్చే పీల్పుకు ఆ గొట్టంలో గట్టి శూన్యం ఏర్పడుతుంది. పూర్తిగా నొక్కితే మూత తెరుచుకుని శూన్యం పోతుంది. అంటే గొట్టంలోని పీల్పు ఎంత ఉందో చూస్తే ఇంజను మీద భారం ఎంతో చెప్పొచ్చు. టర్బో 400కు వెనకవైపు, కుడిపక్కన, పిడికిట్లో ఇమిడే రేకు డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. వాక్యూమ్ మాడ్యులేటర్ అంటారు. దానికి వెనక సన్నని ముక్కు, ఆ ముక్కుకు ఇంజను నుంచి వచ్చే రబ్బరు గొట్టం. డబ్బా లోపల అడ్డంగా ఒక రబ్బరు పొర, దాని వెనక స్ప్రింగు. పీల్పు గట్టిగా ఉంటే పొర వెనక్కి లాగబడుతుంది, భారం తక్కువని గేర్‌బాక్స్‌కు తెలుస్తుంది. పీల్పు తగ్గితే స్ప్రింగు పొరను ముందుకు తోస్తుంది, నూనె ఒత్తిడి పెరుగుతుంది, క్లచ్ పలకలు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

గేరు మార్చే చిన్న కవాటానికి ఒక చివర వేగం తాలూకు ఒత్తిడి, మరో చివర భారం తాలూకు ఒత్తిడి, ఒక స్ప్రింగు. వేగం నెగ్గితే పై గేరు. భారం నెగ్గితే కింది గేరు. అంతే. లివరు కడ్డీని కాసేపు పక్కన పెడితే, ఈ మెదడుకు బండి నుంచి కావలసింది ఆ పీల్పు గొట్టం. ఎక్సలేటర్ చివరిదాకా తొక్కితే కింది గేరుకు దూకడానికి 12 వోల్టుల తీగె ఒకటి ఉంది. అది ఊడిపోయినా బండి నడుస్తూనే ఉంటుంది, ఆ దూకుడొక్కటే ఉండదు. ఏ ఇంజను వెనకైనా, ఏ బండిలోనైనా ఈ పెట్టె ఇమిడిపోవడానికి అసలు కారణం ఇది.

ఆ రబ్బరు పొర చిరిగితే మాత్రం తమాషా జరుగుతుంది. ఇంజను ఆ గొట్టం గుండా గేర్‌బాక్స్ నూనెను పీల్చేసుకుని కాల్చేస్తుంది. సైలెన్సరు నుంచి తెల్లటి పొగ. గేర్‌బాక్స్‌లో నూనె తగ్గుతూ ఉంటుంది, బండి కింద నేలమీద ఒక్క చుక్క కనిపించదు. ఇంజను పాడైందని భయపడి హెడ్డు విప్పేవాళ్ళూ ఉంటారు. గొట్టం లాగి చూసి లోపల నూనె తడి ఉందేమో చూస్తే చాలు, మార్చాల్సింది ఆ చిన్న డబ్బా ఒక్కటే.

700ఆర్4లో ఈ డబ్బా లేదు. భారం సంగతి దానికి కార్బ్యురేటర్ దగ్గర్నుంచి వచ్చే ఉక్కు తీగె చెబుతుంది. వేరే కంపెనీ కార్బ్యురేటర్‌కు తగిలించినప్పుడు తీగె లాగే దూరం, కోణం మారిపోతాయి. తీగె వదులైతే భారం లేదనుకుని పెట్టె ఒత్తిడి తగ్గిస్తుంది, పలకలు జారి కాలిపోతాయి. అమర్చినవాళ్ళ పొరపాటుకు ఆ పెట్టె అప్రతిష్ఠ మోసింది.

డీజిల్ ఇంజనుతో ఇంకో చిక్కు. సాధారణంగా దానికి గాలి గొట్టంలో మూత ఉండదు కాబట్టి పీల్పూ ఉండదు. జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల డీజిల్ వెనక టర్బో 400 పెట్టినప్పుడు విడిగా వాక్యూమ్ పంపు పెట్టి, డీజిల్ పంపు మీద ఒక నియంత్రణ కవాటం బిగించింది. ఎక్సలేటర్‌తో పాటు ఆ కవాటం కదిలి దొంగ పీల్పు సృష్టిస్తుంది. మన దగ్గర జీపులు చాలావరకు డీజిల్‌వి గనక, ఈ పని తలపెట్టేవాళ్ళు ముందు ఆలోచించాల్సింది ఇది. అంతకన్నా ముందే చూసుకోవాల్సింది చట్టం. రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఆర్టీఓ దగ్గర కనుక్కోకుండా రెంచి పట్టకూడదు.

పది అంగుళాల కథ

పాత జీపుల్లో ఆటోమేటిక్ రాకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది: చోటు లేదు. సీజే-5 జీపులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 83.5 అంగుళాలు. 1976లో వచ్చిన సీజే-7లో దాన్ని 93.5 అంగుళాలకు పెంచారు, ఆటోమేటిక్ పెట్టడానికి వీలుగా. ఆ జీపులో కంపెనీయే టర్బో 400 పెట్టి అమ్మింది. మన దేశంలో మహీంద్రా కంపెనీ తయారుచేసిన సీజే-3బి అయితే మరీ పొట్టి, 80 అంగుళాలే.

టర్బో 400 ఒళ్ళు ఒక్కటే దాదాపు 62 సెంటీమీటర్ల పొడుగు. దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేసు తగిలించడానికి అతుకు పలక, అంటే అడాప్టర్, మరికొంత తింటుంది. పెట్టె పొడుగు పెరిగిన కొద్దీ ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది, అక్కణ్ణుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్టు పొట్టిదవుతుంది. షాఫ్టు పై చివర కింది చివరకన్నా 20 సెంటీమీటర్లు ఎత్తులో ఉందనుకుందాం. షాఫ్టు పొడుగు 60 సెంటీమీటర్లయితే దాని వాలు 19 డిగ్రీలకు పైన. 45కు తగ్గితే 26 దాటుతుంది. రాళ్ళకోసం బండిని పైకి లేపి ఉంటే ఇంకా ఎక్కువ.

వాలు పెరిగితే ఏం నష్టం? షాఫ్టు చివర్లలో ఉండే క్రాసు జాయింటుకు ఒక గుణం ఉంది. వంగి తిరిగేటప్పుడు అది ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. రెండు చివర్లా వంపు సమానంగా ఉంటే ఒకదాని తేడాను రెండోది సరిచేస్తుంది. లేకపోతే బండి మొత్తం వణుకుతుంది, బేరింగులు పోతాయి. పై చివర రెండు క్రాసులున్న జోడు జాయింటు పెట్టి, ఇరుసు మూతిని షాఫ్టు వైపుకే తిప్పడం దీనికి మందు. గేర్‌బాక్స్ మార్చడం అనుకుని మొదలుపెట్టిన పని ఇలా ఇరుసు దాకా పాకుతుంది. కొనేముందు టేపు పెట్టి కొలిచినవాడికి సగం ఖర్చు తప్పుతుంది.

మూడుసార్లు దిగాలి

ఇంజను వెనక బోల్టు రంధ్రాల వరస ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. షెవర్లేది వేరు, బ్యూయిక్‌ది వేరు, జీపులు వాడిన ఏఎంసీ ఇంజనుది వేరు. పెట్టెకూ ఇంజనుకూ వరస కలవకపోతే మధ్యలో అతుకు పలక తప్పదు. అది దళసరిగా ఉన్న మేరకు బలమార్పిడి డబ్బా ఇంజనుకు దూరమవుతుంది, ఆ దూరాన్ని కూడా పూడ్చాలి.

ఈ పని మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది ఆ డబ్బాను గేర్‌బాక్స్ మూతికి ఎక్కించేటప్పుడు. దాని మెడ లోపలికి మూడు చోట్ల కూర్చోవాలి. టర్బైను షాఫ్టు గాళ్ళు ఒకటి, మళ్ళింపు చక్రం గాళ్ళు రెండు, నూనె పంపును తిప్పే నోళ్ళు మూడు. డబ్బాను చేత్తో మెల్లగా తిప్పుతూ లోపలికి ఒత్తితే టక్కున ఒకసారి, కాస్త ఆగి మరోసారి, చివరికి మూడోసారి దిగుతుంది. రెండుసార్లు దిగగానే అయిపోయిందనిపిస్తుంది. అప్పుడే బోల్టులు బిగించి ఇంజనుకు దగ్గరికి లాగితే ఆ మెడ వెళ్ళి నూనె పంపు గేరును నొక్కి పగలగొడుతుంది. కొత్తగా రిపేరు చేయించిన పెట్టె స్టార్టు చేయకముందే పోతుంది. సరిగ్గా దిగిందని తెలుసుకోవడానికి పరీక్ష ఉంది. పెట్టెను ఇంజనుకు పూర్తిగా ఆనించాక డబ్బా ఇంకా చేత్తో సులువుగా తిరగాలి, డబ్బాకూ ఇంజను పలకకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు లేకపోతే విప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

తరవాత శత్రువు వేడి. బండకు ఆని నిలిచిన జీపులో ఇంజను 60 హార్స్‌పవర్ ఇస్తోందనుకోండి. చక్రం కదలనంతసేపూ ఆ శక్తి మొత్తం, దాదాపు 45 కిలోవాట్లు, నూనెలో వేడిగా మారాలి. పెట్టెలో పట్టే నూనె సుమారు 10 లీటర్లు. వేడిని ఇంకెవరూ పంచుకోకపోతే ఆ నూనె సెకనుకు రెండున్నర డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. నిజానికి కొంత వేడి ఇనుము, కూలరు తీసుకుంటాయి. అయినా అరనిమిషం మొండిగా తొక్కి పట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. 80 డిగ్రీల దగ్గర నూనె హాయిగా బతుకుతుందనీ, ఆపైన ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందనీ మెకానిక్కులు ఒక మోటు లెక్క చెబుతారు. దాని ప్రకారం 120 డిగ్రీల్లో తిప్పితే పన్నెండో వంతే మిగులుతుంది. రేడియేటరు ముందు పెద్ద నూనె కూలరు, దానికో ఫ్యాను, డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే మీటరు లేకుండా ఈ పెట్టెను రాళ్ళ దారికి తీసుకుపోకూడదు. రాళ్ళలో ఎప్పుడూ లో రేంజిలోనే నడపాలి. అప్పుడు అదే చక్రం వేగానికి టర్బైను ఎక్కువ తిరుగుతుంది, నూనె జారుడు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది.

వాగులు దాటేవాళ్ళు పెట్టె ఊపిరి గొట్టాన్ని పైకి, ఇంజను గది వెనక గోడ మీదిదాకా పొడిగించాలి. వేడెక్కిన పెట్టె చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని ఆ గొట్టం గుండా నీళ్ళు పీలుస్తుంది. క్లచ్ పలకల మీది కాగితంలాంటి పొరను అతికించిన జిగురును నీళ్ళు వదిలించేస్తాయి. నూనె గులాబీరంగు నురగలా కనిపించిందంటే బండి ఆపేయాలి.

లివరు కడ్డీ కూడా గేర్‌బాక్స్ లోపలి గాళ్ళతో సరిగ్గా కుదరాలి. మీ చేతిలో లివరు డ్రైవు మీద ఉండి, లోపలి కవాటం రెండు గాళ్ళ మధ్య నిలిస్తే ఒత్తిడి సగమే అందుతుంది, పలకలు కాలతాయి. పార్కులో, న్యూట్రల్‌లో తప్ప స్టార్టరు తిరగకుండా చూసే స్విచ్చిని కొందరు బద్ధకించి వదిలేస్తారు. గేరులో ఉండగా స్టార్టయిన జీపు ముందు మనిషి నిలబడి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మొదటిసారి నూనె పోసేటప్పుడు అంతా ఒకేసారి పోయకూడదు. నాలుగైదు లీటర్లు పోసి, ఇంజను స్టార్టు చేసి, డబ్బా నూనె పీల్చుకుంటుండగా మిగతాది కొద్దికొద్దిగా పోయాలి. బ్రేకు తొక్కి పట్టి లివరును ఒక్కో స్థానంలోకి మార్చి, ఒక్కోచోట కొన్ని సెకన్లు ఆగాలి. టర్బో 400లో నూనె మట్టం చూసేది ఇంజను వేడిగా తిరుగుతుండగా, లివరు పార్కులో ఉండగా. ఒక చిన్న చుట్టు తిరిగొచ్చాక కూలరు గొట్టాల అతుకులు, వెనక సీలు, మాడ్యులేటర్ రబ్బరు గొట్టం లోపలి తడి, ఈ మూడూ మరోసారి చూసుకుని అప్పుడు బండిని దారికి తీయొచ్చు.